అడగని ప్రశ్నకు నేను రాసిన జవాబు

"జైలుకు పోయొచ్చిన అని ఈ కాయితంల యాడ రాయాలె మేడం?"

2021 ఫిబ్రవరిలో మా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఫ్రంట్ ఆఫీసులో ఒకామె ఆసరా పింఛన్ దరఖాస్తు నా ముందు పెట్టి అడిగిన మొదటి మాట ఇది. ఫారం అటూ ఇటూ తిప్పి చూపించింది. పేరు, భర్త పేరు, వయసు, ఆధార్, బ్యాంకు ఖాతా. ఆమె వెతుకుతున్న గడి అందులో లేదు. లేదనే ఆమెకు టెన్షన్. ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో జైలు నుంచి ఇచ్చిన విడుదల కాగితం. మడతలు పడిన చోట చిరగకుండా టేపు వేసుకుంది.

"ఎక్కడా రాయక్కర్లేదమ్మా" అన్నాను.

"రాయకుంటే దాసినట్టు గాదా? మల్ల లోపలేస్తే?"

కాదని చెప్పి పంపాను. అంత ధీమాగా చెప్పిన నేనే ఆరు నెలల తర్వాత నా చేత్తో, నా లెటర్‌హెడ్ మీద, ఆ సంగతి ప్రభుత్వ ఫైల్లోకి ఎక్కించాను. ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు ఉండవు. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు కొన్ని మార్చాను.

ఉత్తర తెలంగాణలో ఇంటింటా బీడీలు చుట్టే ఊరు వాళ్లది. 2007లో భర్త చనిపోయాడు. హత్య కేసులో ఆమే ముద్దాయి. 2009లో సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది, హైకోర్టులో అప్పీలు నిలవలేదు. చంచల్‌గూడ మహిళా జైల్లో పదకొండేళ్లకు పైగా ఉండి, 2020 చివర్లో శిక్ష తగ్గింపు మీద బయటికొచ్చింది. అప్పటికి 46 ఏళ్లు. మేనరికం కావడంతో అత్తగారిల్లు, తల్లిగారిల్లు ఒకే ఊళ్లో. తల్లి ఇంట్లో ఒక అర్ర ఇచ్చారు. ఒక్కడే కొడుకు. తల్లి జైలుకెళ్లాక మరిది ఇంట్లో పెరిగాడు, ఇప్పుడు దుబాయ్‌లో కూలి పనిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, కానీ ఎక్కువ మాట్లాడడు.

ఆ రాత్రి ఏం జరిగిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. తాగుడు, దెబ్బలు, అన్నీ తీర్పులో ఉన్నాయి. పింఛన్ కేసుకు అవేవీ పనికిరావు. పనికిరానిది అడగకూడదన్న మాట ఆఫీసర్లకు చెప్పే ముందు వకీలు తను పాటించాలి.

ఫీజు గొడవ లేదు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఆమెకు కావల్సినవి మూడు: ఆధార్, రేషన్ కార్డు, వితంతు పింఛన్. అప్పట్లో పింఛన్ నెలకు 2016 రూపాయలు.

నియమాలు ముందు చూశాను. 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు ఎవరికి రాదో మార్గదర్శకాల్లోనే రాసిపెట్టారు. మూడెకరాల తరి (నీటి వసతి ఉన్నది) లేదా ఏడున్నర ఎకరాల ఖుష్కి (మెట్ట) దాటి భూమి ఉంటే రాదు. పిల్లలు ఉద్యోగస్తులో కాంట్రాక్టర్లో అయితే రాదు. కారు, రైస్ మిల్లు, ఇంకో ప్రభుత్వ పింఛన్ ఉంటే రాదు. వితంతువుకు 18 ఏళ్లు నిండాలి, మళ్లీ పెళ్లి చేసుకుంటే పింఛన్ ఆగిపోతుంది. నేరం, శిక్ష, జైలు అనే మాట ఈ జాబితాలో ఎక్కడా లేదు. భర్త ఎలా చనిపోయాడన్న ప్రశ్న కూడా లేదు.

జైలు నుంచి వచ్చినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. లోపల ప్రతి కాగితమూ నేరంతోనే మొదలవుతుంది, పేరు తర్వాత కేసు నంబరు, సెక్షన్. పదేళ్లు అలా గడిపాక బయటి ఫారం కూడా అదే అడుగుతుందనుకుంటారు. కొందరు అడక్కముందే చెప్పేస్తారు, కొందరు అడిగినా దాచేస్తారు. రెంటికీ మూలం భయమే.

మన దగ్గర ఈ భయం తీర్చే చట్టం కూడా సరిగ్గా లేదు. ఇంగ్లండ్‌లో 1974లోనే ఒక చట్టం వచ్చింది. శిక్ష ముగిసి నిర్ణీత కాలం గడిస్తే ఆ పాత నేరాన్ని చాలా చోట్ల చెప్పుకోనక్కర్లేదు. మనకు పెద్దవాళ్లందరికీ వర్తించే అలాంటి చట్టం లేదు. 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్, జైలుకు పంపకుండా ప్రొబేషన్ మీదో మందలింపుతోనో వదిలినవాళ్లకు మాత్రమే. బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ పిల్లలకు. యావజ్జీవం అనుభవించి వచ్చిన మనిషికి ఇవేవీ ఆసరా కావు.

మిగిలింది సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పిన మాట. అది ఉద్యోగాల్లో వెరిఫికేషన్ ఫారాల గురించిన తీర్పు, పింఛన్లది కాదు. అయినా నాకు ఇలాంటి ప్రతి కేసులోనూ అదే ఊతకర్ర. ఫారంలో నిర్దిష్టంగా అడిగినదే చెప్పాలి, అడిగినదానికి నిజం చెప్పాలి, అడగనిది చెప్పలేదని దాచిపెట్టిన నేరం మోపకూడదు. ఆమెకు దీన్ని ఊరి భాషలో చెప్పాను: "అడిగిండ్రా, నిజం చెప్పు. అడగలేదా, ఊకో."

తల ఊపింది. కానీ ఆ కవరు ఒళ్లోంచి తియ్యలేదు.

ఆధార్ దగ్గరే మొదటి తమాషా. చిరునామా రుజువు ఏమీ లేకపోతే సర్పంచ్ సంతకంతో ధ్రువపత్రం ఇవ్వొచ్చు. సర్పంచ్ మంచివాడు, సాయం చేద్దామని తన లెటర్ ప్యాడ్ మీద ఇలా రాసిచ్చాడు: "సదరు మహిళ జైలు నుండి విడుదలై ప్రస్తుతం మా గ్రామంలో సత్ప్రవర్తనతో నివసించుచున్నది." కీడు తలపెట్టి రాసింది కాదు, మెచ్చుకోలుగా రాశాడు. అదృష్టవశాత్తు ఆధార్ సెంటర్ వాళ్లు తమ నమూనాలోనే కావాలని వెనక్కి పంపారు. ఆ నమూనాలో సత్ప్రవర్తనకు చోటు లేదు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోటో, అంతే. పని అయిపోయింది. రేషన్ కార్డు కూడా పెద్ద కష్టం లేకుండానే వచ్చింది.

భర్త మరణ ధ్రువపత్రం దగ్గర ఆగాం. 2007లో ఆ మరణం పంచాయతీలో నమోదే కాలేదు. శవం పోస్టుమార్టానికి వెళ్లింది, ఇంటివాళ్లు స్టేషన్ చుట్టూ తిరిగారు, రిజిస్టరు ఎవరికీ గుర్తు రాలేదు. చంపబడ్డవాళ్ల విషయంలో ఇది కొత్త కాదు, పోలీసులకు తెలిస్తే ప్రభుత్వానికి తెలిసినట్టే అనుకుంటారు. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయాలంటే పై ఉత్తర్వు కావాలి, మా వైపు ఆ ఫైలు ఆర్డీవో ఆఫీసుకు వెళ్తుంది. అఫిడవిట్‌లో ఒక ప్రశ్న తప్పదు: ఇంత ఆలస్యం ఎందుకైంది?

ఇక్కడ అడిగారు, పైగా ప్రమాణం మీద. తెలియక అని ఒక్క మాటతో సరిపెట్టొచ్చు కదా అని నోటరీ దగ్గరున్న గుమస్తా సలహా ఇచ్చాడు. అది పూర్తి నిజం కాదు. ఇలా రాయించాను: మొదట్లో నమోదు చేయించాలని తెలియదు, 2009 నుంచి 2020 వరకు జైలులో ఉన్నాను. ఏ నేరానికో రాయలేదు, ఎందుకంటే అడిగింది ఆలస్యం గురించి. మరణానికి రుజువుగా పోస్టుమార్టం రిపోర్టు నకలు పెట్టాం. చదివినవాళ్లకు సంగతి అర్థమవుతుంది, దాన్ని అక్కడ ఆపే మార్గం లేదు, ఆపాల్సిన పనీ లేదు. ఆ ఫైలు ఆ ఆఫీసులోనే ఉంటుంది. పంచాయతీకి వచ్చేది ఉత్తర్వు ఒక్కటే.

లాక్‌డౌన్ ఎత్తేశాక, జూలైలో సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆమె దాన్ని చాలాసేపు చదివింది. చదవడం జైల్లోనే నేర్చుకుందట.

"ఎట్ల సచ్చిపోయిండో రాయలేదు మేడం."

"రాయరమ్మా. ఎవరికీ రాయరు."

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అందులో 17వ సెక్షన్ ప్రకారం ఎవరికిచ్చే నకల్లోనూ మరణానికి కారణం బయటపెట్టకూడదు. ఉరేసుకున్నా, ఎయిడ్స్‌తో పోయినా, గొడ్డలి దెబ్బకు పోయినా బయటికొచ్చే కాగితం ఒకేలా ఉంటుంది. ఆ సెక్షన్ రాసినవాళ్లెవరో గాని, మిగిలినవాళ్లు బతకాలి కదా అన్న ఆలోచన వాళ్లకు వచ్చింది.

ఇక నా తప్పు.

ఆగస్టులో దరఖాస్తు పంచాయతీ కార్యదర్శికి ఇచ్చాం. వారం తర్వాత ఆయన ఫోన్: "మేడం, ఈమె పేరు సమగ్ర కుటుంబ సర్వేలో లేదు. ఎందుకు లేదో ఒక లెటర్ పెట్టండి, మండలానికి పంపిస్త."

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒక్క రోజులో చేసిన సర్వే అది. ఆ రోజు జనం బొంబాయి నుంచి, భివండి నుంచి, సూరత్ నుంచి బస్సుల టాపుల మీద కూర్చుని మరీ ఊళ్లకొచ్చి పేరు రాయించుకున్నారు. తర్వాత చాలా పథకాలకు ఆ లెక్కతోనే సరిచూశారు. ఆమె ఆ రోజు చంచల్‌గూడలో ఉంది.

నాకు ఆ మధ్యాహ్నం కోర్టులో మరో రెండు కేసులున్నాయి. టైపిస్టు పక్కన నిలబడి చెప్పేశాను: "సదరు దరఖాస్తుదారు ఆ తేదీన చంచల్‌గూడ మహిళా జైలులో శిక్ష అనుభవిస్తున్నందున సర్వేలో నమోదు కాలేదు." పైగా రుజువుగా విడుదల కాగితం జిరాక్స్. వకీళ్లకున్న రోగం ఇది. ఖాళీ కనబడితే కాగితంతో నింపకుండా ఉండలేం.

కార్యదర్శికి కావలసింది ఒక్క వాక్యం, ఆ రోజు ఊళ్లో లేదని. అది నిజం. ఆ సర్వే రోజున ఇంట్లో లేనివాళ్లు ఊరూరా ఉన్నారు. అంతకుమించి ఆయన అడగలేదు, అడిగే ఉద్దేశమూ లేదు. ఆయనకు ఆమె సంగతి మొదట్నుంచీ తెలుసు, ఊరందరికీ తెలుసు. అందుకే, తెలిసినదాన్ని రాస్తే కొత్తగా పోయేదేముంది అనుకున్నాను.

ఊరికి తెలియడం వేరు, ఫైలుకు తెలియడం వేరు. ఊరికి తెలిసినదాన్ని చూసీ చూడనట్టు ఉండొచ్చు. సర్పంచ్ అలాగే ఉన్నాడు, కార్యదర్శి ఉన్నాడు, రేషన్ డీలర్ ఉన్నాడు. ఫైల్లోకి వచ్చిన విషయం మీద మాత్రం ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయాలి. మండల ఆఫీసులో రాశారు: "దరఖాస్తుదారు భర్త హత్య కేసులో శిక్షితురాలు. అర్హత పరిశీలించవలసియున్నది." నియమాల్లో లేని అనర్హత ఒకటి ఆ ఒక్క నోటుతో పుట్టింది. దానికి కాన్పు చేసింది నేను.

అక్టోబరు 2 గ్రామసభలో పేర్లు చదివారు. ఆమె పేరు రాగానే మరిది లేచాడు. చేతిలో నా లెటర్ జిరాక్స్.

"మొగణ్ని సంపినోళ్లకు మొగడు సచ్చిన పింఛన్ ఎట్లిస్తరు?"

నేను ఆ సభలో లేను. ఆమె వెనక వరసలో కూర్చుని ఉందని, ఏమీ మాట్లాడలేదని, కాసేపటికి లేచి ఇంటికెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. ఆ మాటకు చప్పట్లు పడలేదట, ఎవరూ కాదనీ అనలేదట. దరఖాస్తు పక్కన పెట్టారు.

మర్నాడు వచ్చింది. కోపం లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. "నేను ముందే అడిగిన గదా మేడం, యాడ రాయాలె అని. మీరు ఊకో అన్నరు. నేను ఊకున్న." నేనే ఊరుకోలేదని ఆమె అనలేదు. నేను అన్నాను, క్షమాపణ కూడా చెప్పాను. క్లయింటుకు తప్పు ఒప్పుకుంటే నమ్మకం పోతుందని మా సీనియర్లు అనేవారు. నా అనుభవంలో అలా జరగలేదు.

కార్యదర్శి మెత్తని మనిషి, ఒక దారి చెప్పాడు. "2017 నుంచి ఒంటరి మహిళలకూ ఇస్తున్నం గదా మేడం. వితంతువు అనకుండ అండ్ల పెడదాం. భర్త ప్రస్తావన రాదు, గొడవుండదు." వినడానికి బాగుంది. కానీ ఆ పథకం పెళ్లి కానివాళ్లకు, భర్త వదిలేసినవాళ్లకు. ఆమె భర్త వదిలెయ్యలేదు, చచ్చిపోయాడు. భర్త విడిచిపెట్టాడని ఆమె సంతకం చేస్తే, అదీ షరతుల మీద బయట ఉన్న మనిషి, ఈ మొత్తం వ్యవహారంలో కొత్తగా జరిగే నేరం అదొక్కటే అయ్యేది. చెప్పకుండా ఉండటానికీ అబద్ధం చెప్పడానికీ మధ్య గీత ఇంత సన్నగా ఉంటుందని, దాన్ని దాటమనేది ఎక్కువసార్లు మంచి మనసున్నవాళ్లేనని అప్పుడే గట్టిగా తెలిసింది.

ఆమెకే ఆ వితంతు పింఛన్ ఇష్టం లేదన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. "ఆయన పేరు మీద పైసలు తినుడు మనసొప్పుతలేదు మేడం. బీడీల పింఛన్ రాదా?" పెళ్లయిన కొత్తలో బీడీలు చుట్టింది, పీఎఫ్ నంబరు కూడా ఉండేదట. చూశాం. బీడీ కార్మికుల పింఛన్‌కు 2014 ఫిబ్రవరి 28 నాటి పీఎఫ్ నమోదును లెక్కలోకి తీసుకుంటారు. ఆ తేదీకి ఆమె జైల్లో ఉంది. పాత కార్ఖానా మూతపడింది, పుస్తకాలు లేవు. వృద్ధాప్య పింఛన్‌కు 57 నిండాలి, అంటే ఇంకో పదేళ్లు. ఆ పదేళ్లు తమ్ముడి భార్య పెట్టే అన్నం మీద.

అప్పుడు చెప్పాను: ఈ డబ్బు ఆయనది కాదమ్మా. ఆయన సంపాదించి దాచింది కాదు, ఆయన ఉద్యోగం చేసి మిగిల్చిందీ కాదు. ఇంట్లో సంపాదించే తోడు లేని ఆడమనిషికి సర్కారు ఇచ్చేది. ఆమె నమ్మిందో లేదో తెలియదు. "సరే, పెట్టుండ్రి" అంది.

మరిదితో మాట్లాడటానికి ఊరికి వెళ్లాను. నాకు ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ గంట. కల్లు మండువ పక్కన వేపచెట్టు కింద కూర్చున్నాం. ముందు అన్న గురించి, పరువు గురించి చెప్పాడు, నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత అసలు మాట వచ్చింది. "ఇయ్యాల విధవ అని సర్కారు కాయితం ఇస్తది. రేపు అదే కాయితం పట్టుకొని ఎకరం పది గుంటలు నాది అంటది."

భూమి! అన్న వాటా ఎకరం పది గుంటలు అతనే దున్నుకుంటున్నాడు, పాస్‌పుస్తకం కూడా అతని పేరు మీదే ఉంది.

"ఆమెకు రాదు" అన్నాను. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం హత్య చేసిన మనిషికి ఆ చనిపోయిన మనిషి ఆస్తి దక్కదు. వారసత్వం కాగితాల దగ్గర ఆమె శిక్ష సంగతి చెప్పకుండా ఉండటానికి వీల్లేదు, చెబితే హక్కు ఉండదు. పింఛన్ కాగితం భూమికి పనికిరాదు. అతని మొహం తేలికపడింది. అప్పుడు మిగతా సగం కూడా చెప్పాల్సి వచ్చింది. 27వ సెక్షన్ ప్రకారం ఆమె ముందే చనిపోయినట్టు లెక్కేసి వారసుల్ని చూస్తారు. అంటే ఆ వాటా దుబాయ్‌లో ఉన్న పిల్లాడికి వస్తుంది.

అతను బీడీ వెలిగించుకున్నాడు. ఆ తర్వాత పింఛన్ మీద ఒక్క మాట కూడా అనలేదు. భూమిది వేరే కథ, ఇంకా నడుస్తోంది.

రెండు చోట్లా ఒకే మనిషి, ఒకే తీర్పు. కానీ ఒక ఫైల్లో ఆ తీర్పు ఊసే రాకూడదు, ఇంకో ఫైల్లో అది లేకుండా పని జరగకూడదు. పాత నేరం చెప్పాలా వద్దా అని ఎవరైనా నన్ను మామూలుగా అడిగితే ఇప్పుడు నేను మామూలుగా జవాబివ్వను. ఏ కాగితం, ఎవరు అడుగుతున్నారు, ఏ నియమం కింద, అని మూడు ఎదురు ప్రశ్నలు వేస్తాను.

మండల ఆఫీసులో అధికారి తలుపు వేసి మాట్లాడాడు. "మేడం, రూల్లో లేదని నాకూ తెలుసు. రేపు పేపర్లో వస్తే? భర్తను చంపిన భార్యకు వితంతు పింఛన్ అని హెడ్డింగ్ పెడితే నా గతేంది?" ఆ భయం కూడా నిజమైనదే. వాట్సాప్‌లో వచ్చిన ఒక వార్త చూపించాడు. 2021 జనవరిలో పంజాబ్ హర్యానా హైకోర్టు, భర్త హత్య కేసులో శిక్షపడిన భార్యకు కూడా కుటుంబ పింఛన్ ఆపడానికి వీల్లేదంది. "ఇది పెట్టుకొని శాంక్షన్ రాయొచ్చా?"

వద్దన్నాను. నాకు అనుకూలమైన తీర్పే, కానీ మా కేసు అది కాదు. అది ప్రభుత్వోద్యోగి కుటుంబ పింఛన్, ఉద్యోగి చేసిన సర్వీసు నుంచి పుట్టినది. కేంద్ర ఉద్యోగుల పింఛన్ నియమాల్లో, ఉద్యోగిని చంపిన కేసులో శిక్షపడితే ఆ మనిషికి కుటుంబ పింఛన్ రాదని స్పష్టంగా రాసి ఉంది. అలా రాయాలనుకున్నచోట రాశారు. ఆసరాలో రాయలేదు. ఆ రాయకపోవడం మీదే నిలబడదాం అన్నాను. కోర్టు వేసిన శిక్ష ఆమె అనుభవించింది, దానికి మండల ఆఫీసు మరో 2016 రూపాయల శిక్ష కలిపే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు.

మా సంస్థ కార్యదర్శి, ఆయన సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారికి ఉత్తరం రాశారు. అందులో ఉన్నది ఒకే ప్రశ్న: ఏ నియమం కింద ఈ దరఖాస్తు ఆపారో తెలియజేయండి. జవాబు రాలేదు. కానీ నెల తిరక్కుండా నోటు మారింది: "మార్గదర్శకాల ప్రకారం అర్హురాలు." ఈసారి నేను కూడా ఒక్క కాగితం అదనంగా పెట్టలేదు.

ఆ తర్వాత ఎదురుచూపు, ఆమె ఒక్కర్తే కాదు. రాష్ట్రంలో కొత్త పింఛన్లు అప్పట్లో మంజూరు కావడం లేదు. 2022 ఆగస్టులో ఒకేసారి లక్షల సంఖ్యలో ఇచ్చినప్పుడు ఆమెదీ వచ్చింది.

ఈలోగా ఆమె నన్ను అడక్కుండా ఒక పని చేసింది. పొదుపు సంఘంలో చేరదామని వెళ్లింది. అక్కడ ఫారంలో ఏమీ అడగరు, కానీ ఆడవాళ్లు పదిమంది కూర్చుని ఉంటారు. అప్పు తీసుకుంటే ఒకరికొకరు పూచీ. ఆమె నిలబడి, తనే చెప్పిందట: "నేను ఎందుకు పోయొచ్చిన్నో మీకు ఎరికే. ఇష్టముంటే కూసుంట, లేకుంటే పోత." ముగ్గురు లేచిపోయారు. మిగతావాళ్లు కూర్చున్నారు. ఎందుకు చెప్పావమ్మా, అడగలేదు కదా అంటే నవ్వింది. "కాయితం అడగకుంటే ఊకోవాలె. మనిషి అడగకున్న కండ్లళ్ల కనబడ్తది మేడం."

నా దగ్గర దీనికి సెక్షన్ లేదు.

ఇప్పుడు జైలు లీగల్ క్లినిక్‌కు వెళ్లినప్పుడు, విడుదల దగ్గరపడినవాళ్లకు కొన్ని మాటలు తప్పకుండా చెబుతున్నాను. విడుదల కాగితం పెట్టెలో పెట్టండి, సంచిలో కాదు. అది ప్రొబేషన్ అధికారికి, పోలీసులకు, షరతుల పని మీద వెళ్లినప్పుడు చూపించాల్సింది. ఆధార్‌కు, రేషన్‌కు, ఉపాధి హామీ జాబ్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు, పింఛన్‌కు అక్కర్లేదు. పాస్‌పోర్టు ఫారంలో, ఉద్యోగాల వెరిఫికేషన్‌లో అడుగుతారు, అక్కడ దాచొద్దు, దాస్తే అదే కొత్త కేసవుతుంది. ఇన్నాళ్లు ఎక్కడున్నావని ఆఫీసులో ఎవరైనా నోటిమాటగా అడిగితే, "ఊళ్లో లేను సార్" చాలు. హైదరాబాద్‌లో ఇళ్లల్లో పనిచేశానని కథలు అల్లొద్దు. రెట్టించి అడిగితే, "ఈ దరఖాస్తుకు అది కావాలా సార్?" అని మర్యాదగా అడగండి. చాలామటుకు అక్కడితో ఆగిపోతారు. ఆగకపోతే మాకు ఫోన్ చేయండి. మాలాంటివాళ్లకు కూడా ఒక మాట: లెటర్ పంపే ముందు ఒకసారి చదివి, అడగని వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయండి. నేను ఇప్పుడు ఎర్ర పెన్ను పెట్టుకుని చేస్తున్న పని అదే.

మొదటి పింఛన్ రోజు పోస్టాఫీసుకు నేనూ వెళ్లాను. మిషన్ మీద బొటనవేలు పడలేదు. చూపుడువేలు పడలేదు. మళ్లీ బీడీలు మొదలుపెట్టింది, ఆకు కత్తిరించే చేతుల గీతలు అరిగిపోతాయి. వెనక లైన్లో గొణుగుడు. నాలుగోసారికి ఎడమ చేతి ఉంగరం వేలు పట్టింది. పదహారు రూపాయల చిల్లర లేదని రెండు వేలే ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపి అలాగే నిలబడింది. ఇచ్చాడు.

వచ్చేటప్పుడు పంచాయతీ గోడకు అంటించిన మంజూరు జాబితా దగ్గర ఆగింది. వేలు పెట్టి వరస వరస చదువుకుంటూ పోయి తన పేరు దగ్గర ఆపింది. పక్క గడిలో భర్త పేరు ఉంది.

"పక్కపక్కనే రాసిండ్రు మేడం" అంది. కొంగు ముడిలో డబ్బు సర్దుకుని, ఇంకా చాలాసేపు అక్కడే నిలబడింది.